దుప్పటి చుట్టిన ట్రే

నర్సుల హాస్టల్ వంటగది,
మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నీ కళ్ళజోళ్ళ దుకాణం ఎలా నడుస్తోంది? పోయిన ఉత్తరంలో నీ కోడిగీతలు చూస్తే, ఊరందరికీ అద్దాలు బిగించేవాడివి నీకొక జత బిగించుకోవడం మరిచిపోయావనిపించింది. ఫోన్ చెయ్యొచ్చు కదా అనకు. ఇక్కడి ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది, అక్కడ అమ్మ గోడ అవతల చెవి ఒగ్గి ఉంటుంది. మనిద్దరికీ ఉత్తరాలే గతి.

నాన్న దగ్గు తగ్గలేదు. బేకరీలో అన్నేళ్ళు పీల్చిన పిండి ఇప్పుడు ఊపిరితిత్తుల్ని తినేస్తోందంటున్నాడు డాక్టరు. పనయ్యాక రోజూ వార్డుకి వెళ్తున్నాను. మంచం పక్కన కూర్చోగానే నా చేతులు వాసన చూసి ఆ రోజు ఏం వండానో చెప్పేస్తారు. నిన్న మాత్రం తప్పు చెప్పారు. నేను సరిదిద్దలేదు.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడ అరవై మంది నర్సులు, అరవై రకాల మూతి విరుపులు. నా వంట తిని తిని మొహం మొత్తిందట, ఆదివారం ఏదైనా కొత్తది కావాలట. నాకు మన ఆదివారం ట్రే గుర్తొచ్చింది. కింద బియ్యం, పైన కోడి, మధ్యలో టమాటా రసం. బేకరీ యజమాని ఇటలీ మనిషి కదా, ఆయన భార్య అమ్మకి నేర్పిన వంట. రొట్టెలన్నీ తీసేశాక, బట్టీలో మిగిలిన వేడికి పనివాళ్ళ ఇళ్ళ ట్రేలన్నీ వరసగా తోసేవారు. మన ట్రే ఏదో తెలియడానికి నాన్న దాని అంచు మీద మేకుతో మూడు చుక్కలు కొట్టారు. ఆ ట్రే మోసుకొచ్చేది నేనే గానీ అమ్మ లోపల ఏమేం వేసేదో కొలతలతో సహా గుర్తులేదు.

అమ్మని అడిగి రాయి. నేను అడిగానని మాత్రం చెప్పకు. నాన్న దగ్గరుండిపోయిన కూతుర్ని కదా, నా ఊసెత్తితే రెండు పూటలు మూతి ముడుచుకుంటుంది.

అక్క

•

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక బల్ల,
మార్చి 9

అక్కా,

నా అక్షరాలు బాగానే ఉన్నాయి, నీకే నలభై దాటాయి. ఓసారి వచ్చి ఆ చార్టు ముందు కూర్చో, ఎవరికి అద్దాలు కావాలో తేలిపోతుంది.

నువ్వు చెప్పినట్టే నీ ఊసెత్తకుండా అడిగాను. "అమ్మా, ఆ కోడీ బియ్యం ట్రేలో ఏమేం వేసేదానివి?" అన్నానో లేదో, చేతిలో పళ్ళెం తొట్టిలో పడేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. బుద్ధి తక్కువ నాదే. మన చెల్లెలు ఉడత ప్రాణం మీదికొచ్చిన ఆదివారం ఇంట్లో ఉన్నది ఆ ట్రేనే కదా. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళలో అమ్మ మళ్ళీ దాని జోలికి పోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ తిరుగుతుందని చెల్లెలికి నాన్న పెట్టిన ఆ ముద్దుపేరు కూడా మా ఇంట్లో ఎవరూ పలకరు. ఎప్పుడైనా ఆ మాట వస్తే అమ్మ ఒక్కటే అంటుంది: "మీ నాన్న వీధిలో ఐసు కొనిపెట్టాడు, నా పిల్ల పోయింది." అంతే, ఇంకేమీ ఉండదు.

అమ్మ చెప్పకపోయినా పరవాలేదు, నాకు గుర్తుంది. ఆలివ్ కాయలు కాజేయడానికి వంటగట్టు మీద కూర్చునే వెధవని నేనే కదా. రాసుకో.

కోడి తొడ ముక్కలే తీసుకో, తోలు తియ్యకు. ఉప్పు, మిరియాలు, దంచిన వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచు. వెడల్పాటి పెనం మీద తోలు వైపు ఎర్రబడేదాకా వేయించి పక్కన పెట్టు. అదే కొవ్వులో ఉల్లిపాయలు మగ్గనిచ్చి, పొట్టి లావు బియ్యం కడక్కుండా పోసి, గింజ అంచు అద్దంలా మెరిసేదాకా తిప్పు. ఆ బియ్యం ట్రేలో పరిచి, చేత్తో నలిపిన టమాటాలు, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల కోడి ఎముకల రసం, ఆలివ్ కాయలు, ఎండు ఒరెగానో ఆకు వెయ్యి. పైన కోడి ముక్కలు తోలు పైకి ఉండేలా సర్దు. మూత బిగించి ఓవెన్లో గంట, మూత తీసి చీజ్ తురుము చల్లి ఇంకో పావుగంట.

తీశాక ఉన్ని దుప్పటి రెండు చుట్లు చుట్టి చెక్కపెట్టెలో పెట్టాలి. అసలు బియ్యం రసం తాగి మెత్తబడేది అక్కడే అనేది అమ్మ. దుప్పటి మరిచిపోయావో, అది మన ట్రే కాదు.

నీ నర్సులు వేళ్ళు నాకకపోతే నా చెవి కోయించుకుంటాను. నాన్నని అడిగానని చెప్పు.

తమ్ముడు

•

హాస్టల్, నా గది,
మార్చి 20

తమ్ముడూ,

పదకొండు మంది పడిపోయారు. వార్డుల్లో రోగులకి చేసే పిల్లలు వార్డుల్లోనే రోగులై పడుకున్నారు. ఇద్దరికి సెలైన్ ఎక్కించారు. ఇవాళ్టికి అందరూ లేచి కూర్చున్నారు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదన్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

నువ్వు రాసినట్టే చేశాను. ఎనిమిదింటికల్లా ఓవెన్ టిఫిన్లకి ఖాళీ చేసివ్వాలి కాబట్టి తెల్లారగట్లే ట్రేలు పెట్టి, ఏడున్నరకి తీసి, దుప్పట్లు చుట్టి, పిండి పెట్టెలో దింపాను. పగటి డ్యూటీ వాళ్ళు నాలుగింటికి వచ్చి తిన్నారు. వాళ్ళు తింటుంటే చూడాలి నువ్వు! ఇక్కడ నా వంటకి నోటికొచ్చిన పేరల్లా పెట్టే గయ్యాళి నర్సు ఒకతి వంటగదిలోకి వచ్చి, ట్రే మూలలు వేలితో తుడుచుకుని నాకింది. "అక్కా, నీలో ఇంత విద్య ఉందా?" అంది. పొంగిపోయాను. అందరికీ వడ్డించేసరికి నాకు ఒక్క గింజ కూడా మిగల్లేదు.

ఆరింటికి ఆ పిల్లే మొదట వాంతి చేసుకుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు. బాత్రూముల తలుపులు కొట్టుకోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వార్డెన్ వంటగదికి తాళం వేసింది. ఆహార తనిఖీ వాళ్ళు వస్తున్నారట. నాన్నకి ఏమీ చెప్పలేదు. ఆయన నా చేతులు వాసన చూసి "ఇవాళ సబ్బు వండావేంటమ్మా?" అన్నారు.

అక్క

•

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక బల్ల,
మార్చి 25

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ ఒకాయన ఎడమ కన్ను అద్దం కుడి కంటికి బిగించాను. గుండె దిటవు చేసుకో. నీ తప్పేమీ ఉండదు. కోళ్ళు అమ్మినవాడు నిన్నటి మాంసం ఇవాళ అంటగట్టి ఉంటాడు, లేదా హాస్టల్ నీళ్ళు చెడి ఉంటాయి. శుభ్రంగా ఇంటి పద్ధతిలో వండింది మనిషికి హాని చెయ్యదు. అమ్మ ఆ మాటే అనేది, గుర్తుందా?

తనిఖీ వాళ్ళు వస్తే తడబడకు. చేసింది చేసినట్టు చెప్పు. దాచడానికి నీ దగ్గర ఏముంది గనక!

తమ్ముడు

•

హాస్టల్, నా గది,
ఏప్రిల్ 3

తమ్ముడూ,

ఈ ఉత్తరం దుకాణంలోనే చదువు. ఇంటికి తీసుకెళ్ళకు.

తనిఖీకి వచ్చినావిడ పొట్టి మనిషి, భుజాన సంచి, సంచి నిండా సీసాలు. నన్ను కూర్చోబెట్టి, కోడిని కడిగిన దగ్గర్నుంచి మొత్తం చెప్పమంది. ఆవిడ రాసుకుంటూ పోయింది. నేను దుప్పటి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. "ఎన్ని గంటలు?" అంది. ఎనిమిదిన్నర అన్నాను.

మర్నాడు నా చేత మళ్ళీ అంతా చేయించింది. అదే ట్రే, అదే దుప్పటి, అదే పెట్టె. కాకపోతే అన్నం మధ్యలో ఒక ధర్మామీటరు గుచ్చింది. గంటగంటకీ చూసి రాసుకుంది. పన్నెండింటికి కూడా మంచి వేడి మీదే ఉంది. నాలుగింటికి తీస్తే ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ, అంతే. "నువ్వు దీన్ని వేడిగా ఉంచలేదమ్మా, పొదిగావు," అంది.

తప్పు కోడిది కాదట, అన్నానిది. బియ్యంలో ఒక క్రిమి ఉంటుందట. ఉడికించినా దాని విత్తనం చావదట. వేడివేడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది, గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే లేస్తుంది, విషం కక్కుతుంది. ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు. వాసన రాదు, రుచి మారదు. "పెద్దవాళ్ళు వాంతులతో బయటపడతారు," అందావిడ. నేను అడిగాను: "ఆరేళ్ళ పిల్లయితే?" ఆవిడ తలెత్తి నా మొహం చూసి, సంచి సర్దుకోవడం ఆపేసింది.

ఆ ఆదివారం నాకు నిమిషం నిమిషం గుర్తుంది. నాకు పదమూడేళ్ళు. మామూలుగా అమ్మ లాండ్రీ నుంచి మధ్యాహ్నానికల్లా వచ్చేసేది, దుప్పటి విప్పేసరికి ట్రే ఇంకా పొగలు కక్కుతూ ఉండేది. ఆ రోజు హోటలు పక్కబట్టలు వచ్చి పడ్డాయని ఆలస్యమవుతుందంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి చెప్పింది: "చిన్నది ఆకలంటే ఓ మూల తీసిపెట్టి మళ్ళీ చుట్టెయ్, చల్లారనివ్వకు." తొమ్మిదింటికి బట్టీ దగ్గర్నుంచి ట్రే తెచ్చి చుట్టాను. నాన్న ఉడతని తిప్పడానికి తీసుకెళ్ళి, ఐసు కొనిపెట్టి, మూడున్నరకి దింపి మళ్ళీ పనికి వెళ్ళారు. నాలుగింటికి అది ఆకలని పేచీ పెట్టింది. నేనే విప్పి, ఓ మూల తీసి పెట్టాను. ఇంకా కావాలంటే ఇంకో గరిటె వేశాను. అమ్మ ఇంటికి వచ్చేసరికి అది వాంతులు మొదలుపెట్టింది. ఇంక ఆ ట్రే ఎవరు ముట్టుకుంటారు? మర్నాడు తెల్లవారేసరికి పిల్ల లేదు.

నేను అమ్మకి చెప్పాను, తమ్ముడూ. ట్రేలో అన్నం తిందని చెప్పాను. "ఇంట్లో వండింది తింటే పిల్లలు చస్తారా? మీ నాన్న కొన్న ఆ దిక్కుమాలిన ఐసు!" అంది. నాన్న గోడకి చేరబడి నిలబడ్డారు, నోరు మెదపలేదు. నెల తిరక్కుండా అమ్మ నిన్ను తీసుకుని వెళ్ళిపోయింది. ఆయనకి అన్నం వండిపెట్టడానికి నేను ఉండిపోయాను.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన చల్లటిది నోట్లో పెట్టలేదు. ఐసు బండి గంట వినబడితే వీధి దాటి అవతలి వైపు నడుస్తారు. పక్కింటి పిల్లలకి ఒక బిస్కెట్టు కూడా చేతికివ్వరు. తన చేత్తో బిడ్డని చంపుకున్నానని ఆయన నమ్ముతున్నారు. డాక్టరు ఇంక వారాల్లో మాట్లాడుతున్నాడు. నేను నాన్నకి చెప్పాలి.

అక్క

•

కళ్ళజోళ్ళ దుకాణం,
ఏప్రిల్ 9

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. చదివాను, చించేశాను.

అదంతా మీ తనిఖీ ఆవిడ ఊహ. ఎప్పటి సంగతో, ఎవరు చూడొచ్చారు? ఆ రోజు పిల్లని పరీక్షించిన డాక్టరు కూడా కలుషిత పదార్థం అన్నాడే గానీ అన్నం అనలేదు. ఇప్పుడు తవ్వితే ఉడత లేచి వస్తుందా?

నాన్న పక్కన మీరున్నారు సరే. అమ్మ పక్కన నేనున్నాను. నాన్నకి చెబితే ఆయన ఊరుకోరు, ఎవరో ఒకరి ద్వారా కబురంపుతారు. అమ్మ ట్రే, అమ్మ దుప్పటి, అమ్మ చిన్నకూతురు. ఆ మాట అమ్మ చెవిన పడ్డ రోజున ఆవిడ బతకదు. ఆవిడకి గుండె మందులు రోజుకి మూడు. అవి వేసేది నేను. నా మాట విని ఈ సంగతి ఇక్కడితో వదిలేయండి.

తమ్ముడు

•

ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 15

శ్రీ తమ్ముడుగారికి,

ఎప్పట్నుంచయ్యా నేను నీకు 'గారు' అయ్యాను? నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది. మర్యాద చేసి నోరు మూయిద్దామనుకుంటున్నావా?

ఇప్పుడు నాకు వంట లేదు, గిన్నెలు తోమడానికి మార్చారు. తోముతున్నంతసేపూ నీ ఉత్తరమే తిరుగుతోంది బుర్రలో. అమ్మ బతకదంటున్నావు. మరి నాన్న బతికారా? ఒకరి ఇంట్లో పెళ్ళికి పోలేదు, ఒక పిల్లని ఎత్తుకోలేదు. నేను పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఆయన ఏనాడూ అడగలేదు, ఎందుకో తెలుసా? మనవలు పుడితే ముట్టుకోవడానికి ఆయనకి భయం. నీకు అమ్మ కన్నీళ్ళు ఒక్కటే కనబడతాయి, ఎందుకంటే ఆవిడ నీ ఎదురుగా ఏడుస్తుంది. ఈయన దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తారు.

ఆ రోజు విప్పి పెట్టింది నేను. ఆ పాపం నాది కూడా. నా గురించి నేను దాచుకోవడం లేదు కదా, నీకెందుకంత భయం? నీ ఉత్తరం అమ్మని కాపాడుతున్నట్టు లేదు, నిన్ను నువ్వు కాపాడుకుంటున్నట్టుంది. తప్పయితే తిట్టు. నిన్న నాన్నకి ఆక్సిజన్ పెట్టారు. ఎక్కువ రోజులు ఆగలేను.

అక్క

•

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక బల్ల,
ఏప్రిల్ 22

అక్కా,

తిట్టను. నువ్వు అన్నది నిజం.

ఆ రోజు నాన్న ఒక్క ఐసే కొన్నారు, ఉడతకి. నేను మెట్ల మీద గోళీలాడుతున్నాను. నాన్న దాన్ని దింపి అటు తిరగ్గానే నేను దాని చేతిలోంచి లాక్కున్నాను. అది ఏడ్చింది. సగం నేను తినేసి, పుల్ల పట్టుకుని మిగతా సగం దాని నోట్లో పెట్టాను. "అమ్మకి చెప్పావంటే చంపేస్తా," అన్నాను. అది చెప్పలేదు.

నాకేమీ కాలేదు అక్కా. ఒక్క వాంతి కూడా కాలేదు. ఐసులో విషముంటే నేను కూడా పోవాలి కదా? తొమ్మిదేళ్ళవాడికి ఆ మాత్రం తెలుసు. అమ్మ నాన్నని గోడకి నిలబెట్టి అరుస్తుంటే తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. "నేనూ తిన్నాను" అంటే సరిపోయేది. వీపు చీరేస్తుందని భయపడి నోరు నొక్కుకున్నాను. తర్వాత రోజు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అమ్మ సంచులు సర్దింది. సర్దుతుంటే పక్కనే ఉన్నాను. నాన్న గుమ్మంలో నిలబడి నా జుట్టు నిమిరి "అమ్మని బాగా చూసుకో" అన్నారు. అప్పుడు కూడా చెప్పలేదు.

పెద్దయ్యాక చెప్పొచ్చు కదా అంటావు. ఏం చెప్పను? ఒక్క ఐసుముక్క సంగతి దాచుకుని మన ఇల్లు రెండు ముక్కలు చేశాననా? ట్రే సంగతి నాకు నిజంగా తెలియదు, ఉడత మీద ఒట్టు. కానీ ఐసు కాదని తెలుసు. నాన్నని చూడటానికి రానిది అమ్మ కోసం కాదు. ఆయన మొహం చూడలేక.

నాన్నకి చెప్పు. నాది కూడా చెప్పు. ఏమన్నారో అలాగే రాయి, మెత్తగా మార్చకు.

తమ్ముడు

•

ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 30

ఒరేయ్ నా తండ్రీ,

నిన్న చెప్పాను.

మధ్యాహ్నం ఆక్సిజన్ ముసుగు తీసి మంచినీళ్ళు తాగించి, మంచం అంచున కూర్చుని, ముందు నర్సుల సంగతి చెప్పాను. తర్వాత దుప్పటి, ధర్మామీటరు. కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారనుకున్నాను. కళ్ళు తెరవకుండానే "అయితే ఐసు మంచిదేనా?" అన్నారు. మంచిదే నాన్నా అన్నాను. మళ్ళీ అడిగారు. ఐదారుసార్లు అడిగి ఉంటారు.

నీ సంగతి చెప్పాను. మెత్తగా మార్చకన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొదట నవ్వారు, "వెధవ, వాడే తిన్నాడా" అని. ఆ నవ్వు దగ్గులో పడి సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. సర్దుకున్నాక గోడ వైపు తిరిగి అన్నారు: "అయితే దానికి సగమే దక్కిందన్నమాట."

తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను ఆయన నోట ఉడత మాట వినలేదు. నారింజ రంగుదే కావాలని బండి దగ్గర కాళ్ళు నేలకి కొట్టిందట. దారి పొడుగునా నాలిక బయటపెట్టి "ఇంకా రంగుందా నాన్నా?" అని అడుగుతూనే ఉందట. వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించిందట. "ఆ పూట దానికి ఎంత సంతోషమో," అన్నారు. ఆ సంతోషాన్ని తలుచుకోవడానికి కూడా ఇన్నాళ్ళూ ఆయనకి ధైర్యం లేకపోయింది. ఆయన ఏడ్చారు, నేనూ ఏడ్చాను, పక్క మంచం ఆయన కూడా ఎందుకో ఏడ్చాడు.

నీ మీద కోపం లేదా అని అడిగాను. "ఉంది," అన్నారు. "వాణ్ణి రమ్మను, రెండు తగిలిస్తే పోతుంది." కాబట్టి రా. రెండు తిని వెళ్ళు.

చివరగా ఒకటి. వస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "మీ అమ్మకి తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "చెప్పకండి. నన్ను తిట్టుకుంటూ ఇన్నాళ్ళు నడిచింది, ఆ ఊతకర్ర తీసేస్తే పడిపోతుంది. నాకు తెలిసింది, చాలు." నువ్వు మొదట చెప్పిందే ఆయనా చెప్పారు. సరేనన్నాను. నువ్వు కూడా మాటివ్వు. అమ్మ దగ్గర నోరు జారకు.

త్వరగా రా.

అక్క

•

ఇల్లు, వంటగది,
ఏప్రిల్ 30

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఆ ఉత్తరం రాశాక నాకు అన్నం దిగలేదు. నిన్న పొద్దున అమ్మ మందులు వేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఐసు సంగతి చెప్పాలనే కూర్చున్నాను. అది చెబితే ఊరుకుంటుందా? "మరి నా పిల్ల దేనివల్ల పోయింది?" అని పట్టుకుంది. దుప్పటి దాకా మొత్తం చెప్పాల్సి వచ్చింది.

నేను భయపడ్డట్టు ఆవిడ పడిపోలేదు. అరవలేదు. నన్ను కొట్టలేదు. కొడితే బావుండేది. గ్లాసు బోర్లించి, బల్ల తుడిచి, చాలాసేపు తుడిచిందే తుడిచి, అప్పుడు అంది:

"ఆ రోజు ట్రే చుట్టింది ఎవరు?"

మళ్ళీ తనే అంది:

"విప్పి పెట్టింది ఎవరు? నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళాను. పెద్దది నా మాట వినలేదు. వినుంటే నా పిల్ల బతికేది."

నువ్వు నాకు రాసింది అది కాదు. ఆకలంటే ఓ మూల తీసిపెట్టమని తనే అందని రాశావు. ఆ ఉత్తరం చించేశానని నీకు రాశాను గానీ చించలేదు, బల్ల సొరుగులోనే ఉంది. నేను అడిగాను: "అమ్మా, నువ్వే పెట్టమన్నావేమో, గుర్తు తెచ్చుకో." "నా బిడ్డ గురించి నేను మరిచిపోతానా?" అంది. నిజంగానే అలా గుర్తుందో, అలా గుర్తుంచుకోకపోతే నిలబడలేదో, నాకు తెలియడం లేదు. సాయంత్రానికి నీ చిన్నప్పటి ఫోటో గోడ మీద నుంచి తీసి బోర్లా పెట్టింది. ఆ మేకుకే ఇంతకు ముందు నాన్న ఫోటో ఉండేది.

నాన్న పేరెత్తి మాత్రం ఒక మాట అంది. "ఆయన్ని ఊరికే అన్నాను." అది ఒక్కటే. ఆయన్ని చూడటానికి వెళ్దామా అంటే, నువ్వు అక్కడున్నంతకాలం ఆ గుమ్మం తొక్కనంది.

అక్కా, నువ్వు ఊఁ అంటే చాలు. ఆ ఉత్తరం తీసి ఆవిడ ముందు చదువుతాను. ఈసారి తలుపు వెనక నిలబడను. నేను ఏం చెయ్యాలో రాయి.

తమ్ముడు

•

హాస్టల్, నా గది,
మే 6

తమ్ముడూ,

నాన్న గురువారం పొద్దున పోయారు. నేను గిన్నెలు తోముతున్నాను, వార్డు నుంచి కబురొచ్చింది. తడి చేతులతో పరిగెత్తాను గానీ అప్పటికే అయిపోయింది. సిస్టర్ చెప్పింది, ఆఖరి రెండు రోజులూ ఎవరు పలకరించినా చిన్నకూతురి కబుర్లే చెప్పారట. నా టెలిగ్రాంకి నీ జవాబు అందింది. నీకు టిక్కెట్టు దొరకలేదని తెలిసింది. ఆయన నీకు బాకీ పడ్డ రెండు దెబ్బలూ అలాగే ఉండిపోయాయి.

నీ ఉత్తరం అదే రోజు మధ్యాహ్నం వచ్చింది. నా ఉత్తరం నీకు చేరేలోపు నువ్వు చెప్పేశావు. నిన్నేమీ అనను. నేను ఆయనకి చెప్పకుండా ఉండలేకపోయాను, నువ్వు ఆవిడకి చెప్పకుండా ఉండలేకపోయావు.

నేనేదో దేవతననుకోకు. చదివి గోడకేసి తల కొట్టుకున్నాను. ఉన్నపళంగా బండెక్కి వచ్చి అమ్మని భుజాలు పట్టుకుని కుదిపి, "గుమ్మంలో నిలబడి నువ్వన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతోందే, నీకెలా వినబడలేదు?" అని అడగాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. ఆవిడ మీద నాకు జాలి లేదు, కోపమే ఉంది. అది తగ్గుతుందని నేను అనుకోవడం లేదు.

కానీ ఒకటి ఆలోచించాను. నువ్వు ఆ ఉత్తరం చదివి వినిపిస్తావు. ఆవిడ నమ్మదు, నమ్మనప్పుడు నిన్ను కూడా బోర్లా తిప్పి పెట్టేస్తుంది. అప్పుడు మందులు ఎవరు వేస్తారు? లేదా నమ్ముతుంది. నమ్మితే అరవై ఆరేళ్ళ మనిషి ఆ వంటగదిలో రోజంతా ఒంటరిగా ఆ నిజంతో కూర్చోవాలి. నాన్నకైతే నీ తప్పు కాదని ఆఖర్న విప్పి చెప్పడానికి నేనున్నాను. ఆవిడకి ఆ మాట ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే పెట్టమన్నది నిజంగా ఆవిడే.

నాన్న ఎందుకు ఎదురు చెప్పలేదా అని నాకు ఎన్నో ఏళ్ళు ఆయన మీద చిరాకుండేది. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి నా నోరు కూడా పెగలడం లేదు.

ఆ ఉత్తరం దుకాణం వెనక కాల్చెయ్. అమ్మతో చెప్పు, అక్క ఒప్పుకుందని. వద్దన్నా విప్పానని, మాట వినలేదని, తప్పు నాదేనని రాశానని చెప్పు. నన్ను అడిగితే నేనూ అదే చెబుతాను. నేను ఆ ఇంటికి రాను. నువ్వు కూడా నన్ను వెనకేసుకు రాకు.

నాన్న పోయారని వినగానే ఆవిడ ఏమంది, అన్నం తిందా లేదా, అది మాత్రం రాయి.

అక్క